అదే ఎముకలు, వేరే స్విచ్‌లు: చేప వాజం చెయ్యిగా ఎలా మారింది

కుడి చేతిని బల్ల మీద అరచెయ్యి పైకి ఉండేలా పెట్టి, మోచెయ్యి కదపకుండా మెల్లగా బోర్లా తిప్పి చూడండి. ముంజేతిలో రెండు ఎముకలు ఒకదాని మీదుగా ఒకటి అడ్డంగా పడడం ఎడమ చేత్తో తడిమితే తెలుస్తుంది. భుజం నుంచి మోచేతి దాకా ఒకటే ఎముక. అక్కడి నుంచి మణికట్టు దాకా రెండు. మణికట్టులో గులకరాళ్ళలా చిన్నచిన్నవి గుంపుగా ఉంటాయి, వాటి తర్వాత అరచెయ్యి, వేళ్ళు. గబ్బిలం రెక్కలోనూ ఇదే వరస, తిమింగలం తెడ్డులోనూ ఇదే, గుర్రం ముందు కాల్లోనూ ఇదే, కాకపోతే అక్కడ వేళ్ళు ఒకటికి పడిపోయాయి. కప్పలో ముంజేతి ఎముకలు రెండూ అతుక్కుపోయినా అతుకు గీత చూస్తే అవి రెండని తెలిసిపోతుంది.

ఈ పోలికను రిచర్డ్ ఓవెన్ అనే బ్రిటిష్ శరీర నిర్మాణ శాస్త్రవేత్త 1849లో ఒక పుస్తకంగా రాశాడు. ఆయనకు ఇది అన్ని జంతువుల వెనకా ఉన్న ఒక ఆదర్శ నమూనా. పదేళ్ళకు డార్విన్ అవే ఎముకలు చూపించి నమూనా ఏమీ లేదు, ఉన్నది ఒకే పూర్వీకుడు అన్నాడు. పాఠ్యపుస్తకాల్లో కథ సాధారణంగా ఇక్కడే ఆగిపోతుంది: నాలుగైదు జంతువుల చేతులు పక్కపక్కన, ఒక్కో ఎముకకు ఒక్కో రంగు. చక్కటి బొమ్మే, కానీ అసలు ప్రశ్నను అది దాచేస్తుంది. ఒక జంతువు ఎముక సాగి సాగి ఇంకో జంతువు ఎముకగా మారదు కదా. గుర్రం కాలు ప్రతి తరంలోనూ పిండంలో మళ్ళీ సున్నా నుంచి తయారవ్వాల్సిందే. కాబట్టి పరిణామం చెయ్యి పెట్టగలిగేది ఎముక మీద కాదు, ఎముకను పుట్టించే పని మీద. ఆ పని ఎలా జరుగుతుందో తెలియకుండా శిలాజాలను ఎన్ని వరసల్లో పేర్చినా, ఏం మారిందో తెలుస్తుంది గానీ ఎలా మారిందో తెలియదు.

మనిషి పిండంలో నాలుగో వారం ముగిసే వేళకు ఒంటి పక్కల నుంచి చిన్న బుడిపెలు లేస్తాయి. లింబ్ బడ్ అంటారు, మనం మొగ్గ అనుకుందాం. దాన్ని కోసి చూస్తే ఎముక లేదు, కండరం లేదు, కీలు లేదు. పలచటి చర్మపు సంచిలో చూడ్డానికి ఒకేలా ఉండే కణాల ముద్ద. కొద్ది రోజులకు ఆ కణాలు అక్కడక్కడ గుమిగూడతాయి. గుమిగూడే చోట సాక్స్9 అనే జన్యువు పనిచేస్తూ ఉంటుంది, ఆ ముద్ద క్రమంగా మృదులాస్థి అవుతుంది, అంటే చెవి డిప్పలో వంగే పదార్థం లాంటిది. ఎముక వచ్చేది ఆఖర్న, ఆ మెత్తటి అచ్చును కొద్దికొద్దిగా తినేస్తూ దాని చోట కూర్చుంటుంది. ఎనిమిదో వారానికల్లా వేళ్ళు విడివడి ఉంటాయి. మొత్తం ఒక నెల పని. ఈ నెలలో కణాలు ఎక్కడ గుమిగూడాలి, ఎన్ని ముద్దలు కావాలి, ఏ ముద్ద ఎంత పొడుగు సాగాలి అన్నదే అసలు విషయం, మిగతాదంతా దాని ఫలితం.

దీనికి మొదటి జవాబులు కోడిగుడ్డులో దొరికాయి. పెంకుకు చిన్న కిటికీ కోసి, లోపల పిండం బతికుండగానే సర్జరీ చేసి, కిటికీ మూసేసి మళ్ళీ పొదగనివ్వచ్చు. తల్లి కడుపులో పెరిగే ఎలుకతో ఈ సౌకర్యం లేదు. 1948లో జాన్ సాండర్స్ కోడి రెక్క మొగ్గ కొసన ఉండే సన్నటి చర్మపు గట్టును కోసేశాడు. ముందుగా కోస్తే రెక్క పైభాగం తప్ప ఇంకేమీ రాలేదు. కాస్త ఆగి కోస్తే ముంజెయ్యి దాకా వచ్చింది. ఇంకా ఆలస్యం చేస్తే వేళ్ళ కొసలు మాత్రమే తగ్గాయి. అంటే చెయ్యి భుజం వైపు నుంచి మొదలై బయటికి కట్టుకుంటూ పోతుందన్నమాట, ఆ గట్టు ఉన్నంతసేపూ పని సాగుతుంది. గట్టు వదిలే రసాయనాల పేరు ఎఫ్‌జీఎఫ్ అని తర్వాత తేలింది. గట్టు తీసేసిన మొగ్గలో ఆ రసాయనంలో నానబెట్టిన పూసను పెడితే పని మళ్ళీ నడుస్తుంది. అంతకన్నా విడ్డూరం, 1995లో ఆ పూసను కోడి పిండం పక్కటెముకల దిగువన, అసలు ఏ అవయవమూ రాని చోట పెట్టారు. అక్కడ కొత్తగా ఒక కాలో రెక్కో మొలిచింది! ఒళ్ళంతా అవకాశం సిద్ధంగానే ఉంది, మొదలుపెట్టమని చెప్పేవాళ్ళే లేరు.

సాండర్స్ 1968లో మేరీ గాసెలింగ్‌తో కలిసి ఇంకో ప్రయోగం ప్రకటించాడు, ఈ రంగంలో అంతకు మించిన ప్రయోగం లేదంటే అతిశయోక్తి కాదు. మొగ్గకు చిటికెన వేలి వైపు అంచున ఉండే చిన్న కణాల ముక్కను తీసి, ఇంకో మొగ్గలో బొటనవేలి వైపు అతికించారు. కోడి రెక్కలో ఉండేవి మూడు వేళ్ళే, పాత లెక్కలో 2, 3, 4 అని పేర్లు. అతికించిన రెక్కలో వచ్చినవి 4, 3, 2, 2, 3, 4. మధ్యలో అద్దం నిలబెట్టినట్టు. ఆ ముక్క దగ్గర్లో ఉన్న కణాలు 4 అవుతున్నాయి, దూరంగా ఉన్నవి 2 అవుతున్నాయి. లూయిస్ వోల్పెర్ట్ దీన్ని ఇలా చెప్పాడు: ఒక అంచు నుంచి ఏదో పదార్థం వ్యాపిస్తోంది, తన దగ్గర అది ఎంత చిక్కగా ఉందో చూసుకుని ప్రతి కణం తన స్థానాన్ని లెక్క కట్టుకుంటోంది.

1976లో చెరిల్ టికిల్, వోల్పెర్ట్ బృందం అదే ముక్కను ఎలుక పిండం నుంచి తీసి కోడి మొగ్గలో పెట్టింది. అదనపు వేళ్ళు వచ్చాయి. కానీ ఎలుక వేళ్ళు కాదు, కోడి వేళ్ళే. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి, ఎందుకంటే ఈ వ్యాసం చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క ప్రయోగంలో ఉంది. ఎలుక వంశం, కోడి వంశం విడిపోయి 30 కోట్ల ఏళ్ళు దాటింది. అయినా ఎలుక మాట కోడికి అర్థమైంది. కబురు ఒకటే, దాన్ని విన్న కణాలు చేసే పని వేరు. చేతులు వేరువేరుగా ఉండడానికి కబురు మారనక్కర్లేదు. ఎప్పుడు చెప్పాలి, ఎంతసేపు చెప్పాలి, విన్నవాళ్ళు ఏం చేయాలి అన్నది మారితే చాలు. ఆ కబురు సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే ప్రొటీన్ అని 1993లో క్లిఫ్ టాబిన్ ల్యాబ్ తేల్చింది. అవును, వీడియోగేమ్‌లో నీలం రంగు పాత్ర పేరే.

ఇక ఏ భాగం చెయ్యి (ఇక్కడ మణికట్టు నుంచి వేళ్ళ దాకా), ఏది ముంజెయ్యి, ఏది దండచెయ్యి అని తేల్చేది హాక్స్ జన్యువులు. ఇవి ఎ, డి లాంటి పేర్లున్న గుంపులుగా, నంబర్ల వరసలో క్రోమోజోముల మీద బారులు తీరి ఉంటాయి, దాదాపు ఆ వరసలోనే పనిలోకి దిగుతాయి. ఎలుకల్లో 11వ నంబరు హాక్స్ జన్యువులు రెండింటిని, ఎ గుంపులోదీ డి గుంపులోదీ కలిపి పాడుచేస్తే ముంజేతి ఎముకలు దాదాపు మాయమయ్యాయి. అరచెయ్యి వచ్చి దాదాపు మోచేతికి అంటుకున్నట్టు ఉంది. 13వ నంబరువి రెండూ పాడుచేస్తే ముంజెయ్యి ఉంది, చెయ్యి లేదు. మనుషుల్లో డి13 జన్యువులో ఒక ముక్క మోతాదుకు మించి పునరావృతమైతే వేళ్ళు అతుక్కుని, మధ్యలో అదనపు వేలు వస్తుందని 1996లో కనుక్కున్నారు. వీటిని చూసి 13 అంటే చేతి జన్యువు అనుకుంటే పొరపాటు. అదే జన్యువు పేగు చివర, జననాంగాల దగ్గర కూడా పనిచేస్తుంది. జన్యువుకు చెయ్యి అంటే ఏమిటో తెలీదు, తనను ఎవరు ఎక్కడ వెలిగిస్తే అక్కడ వెలుగుతుంది.

వెలిగించేవి స్విచ్‌లు, అంటే ప్రొటీన్ తయారీకి సంబంధం లేని డీఎన్ఏ ముక్కలు. డెనిస్ డుబూల్ బృందం ఎలుకల్లో చూపించింది ఏమిటంటే, హాక్స్ డి వరసకు ఒక పక్కన ఉన్న స్విచ్‌ల గుంపు దండచేతిని, ముంజేతిని చూసుకుంటుంది, రెండో పక్కన ఉన్న గుంపు వేళ్ళను చూసుకుంటుంది. మొదటి గుంపు ఆరిపోయాకే రెండోది వెలుగుతుంది. ఈ రెండింటికీ మధ్య, ఏదీ సరిగా వెలగని ఒక సన్నటి పట్టీ మిగులుతుంది. పొడుగు ఎముకలు రాక చిన్న రాళ్ళలాంటివి మాత్రమే వచ్చే ఆ పట్టీయే మణికట్టు. మొదట్లో తడిమి చూసిన గులకరాళ్ళు రెండు డ్యూటీల మధ్య దొరికిన ఖాళీ అన్నమాట.

ఇప్పుడు చేపల దగ్గరికి. మామూలు చేప వాజంలో రెండు రకాల ఎముక ఉంటుంది. మొదట్లో కాస్తంత, మృదులాస్థి అచ్చు మీద వచ్చే ఎముక, మన చేతిలో ఉన్న రకం. మిగతా భాగమంతా విసనకర్ర పుల్లల్లాంటి కిరణాలు, ఇవి అచ్చు లేకుండా నేరుగా చర్మం పొరల్లో ఏర్పడతాయి. చేప మొగ్గ కొసన కూడా సాండర్స్ కోసిన లాంటి చర్మపు గట్టు ఉంటుంది, కానీ కొద్దిసేపటికే అది పలచటి మడతగా సాగిపోతుంది, కిరణాలు ఆ మడతలో వస్తాయి. చతుష్పాదుల్లో గట్టు మడతగా మారదు, గట్టుగానే ఉండి లోపలి కణాలను పెరగనిస్తూ పోతుంది. ఒక్క ఈ వాయిదాతోనే అచ్చు ఎముకకు చోటు పెరిగి, కిరణాలకు చోటు తగ్గుతుంది. చాలాకాలంగా ఉన్న ఊహ ఇది, ఇప్పటికీ గట్టిగానే నిలబడి ఉంది.

శిలాజాలు కూడా ఈ దారిలోనే పోతాయి. కెనడాలోని మిగ్వాషాలో దొరికే యూస్థెనాప్టెరాన్ అనే చేప వాజంలో సుమారు 38 కోట్ల ఏళ్ళ నాడే ఒకటి, రెండు అనే వరస స్పష్టంగా ఉంది. 2004లో కెనడా ఉత్తరాన ఎల్స్‌మియర్ దీవిలో నీల్ షూబిన్, టెడ్ డేష్లర్, ఫారిష్ జెంకిన్స్ బృందానికి దొరికిన టిక్టాలిక్ అనే చేపకు సుమారు 37.5 కోట్ల ఏళ్ళు. దానికి పొలుసులు, కిరణాలు ఉన్నాయి. ఆ కిరణాల లోపల మడిచి నేల మీద ఆనించగల మణికట్టు లాంటి కీలు కూడా ఉంది. టిక్టాలిక్‌కే పేరు ఎక్కువ వచ్చింది గానీ, ఈ చర్చకు అంతకన్నా పనికొచ్చేది 2020లో వివరంగా ప్రచురించిన ఎల్పిస్టోస్టెగె. మిగ్వాషాలోనే దొరికిన 1.57 మీటర్ల పూర్తి చేప. స్కాన్ చేసి చూస్తే వాజం లోపల చిన్న ఎముకలు వేలి కణుపుల్లా వరసగా ఉన్నాయి, వాటి మీద చేప కిరణాలు ఇంకా అలాగే ఉన్నాయి. వేళ్ళు వచ్చాకే కిరణాలు పోయాయన్నమాట, పోయిన చోట వేళ్ళు రాలేదు.

గ్రీన్‌లాండ్‌లో దొరికిన ఎకాంథోస్టెగా అనే తొలి చతుష్పాది సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. సుమారు 36.5 కోట్ల ఏళ్ళ నాటిది. జెన్నీ క్లాక్, మైకేల్ కోట్స్ 1990లో దాని చెయ్యి వివరాలు ప్రచురించేదాకా అందరూ మొదటి చతుష్పాదికి ఐదు వేళ్ళే ఉండి ఉంటాయని నమ్మారు, బొమ్మలు కూడా అలాగే గీశారు. రాయి చెక్కి చూస్తే ఎనిమిది వేళ్ళు! దాని సాటి జంతువు ఇక్థియోస్టెగా వెనక పాదంలో ఏడు, రష్యాలో దొరికిన టులెర్పెటాన్‌కు ఆరు. పైగా ఎకాంథోస్టెగాకు లోపల చేపలాంటి మొప్పలు, వెనక చేపలాంటి తోక. ఆ మణికట్టు ఒంటి బరువు మోయగలిగేది కాదు. ఎండిపోతున్న మడుగులోంచి బయటికి పాకాల్సి వచ్చి చేపకు కాళ్ళు వచ్చాయన్న పాత కథ ఇంకా ఎక్కడో ఒకచోట వినిపిస్తూనే ఉంటుంది. ఈ ఎనిమిది వేళ్ళ తెడ్డు ముందు అది నిలబడదు. వేళ్ళు నీళ్ళలో ఉండగానే వచ్చాయి, నడక తర్వాతి సంగతి.

కిరణాలు, వేళ్ళు పూర్తిగా వేరువేరు వస్తువులనే చాలామంది అనుకున్నారు, తయారయ్యే తీరే వేరు కాబట్టి. 2016లో షూబిన్ ల్యాబ్‌లో టెట్సుయా నకమురా, ఆండ్రూ గెర్కీ తదితరులు జీబ్రాఫిష్ అనే చిన్న చేపలో 13వ నంబరు హాక్స్ జన్యువులను తీసేశారు. ఎలుకలో వాటిని తీసేస్తే చెయ్యి పోయిందని పైన చూశాం. చేపలో పోయినవి కిరణాలు. అవి బాగా కుంచించుకుపోయి, లోపల అచ్చు ఎముకల సంఖ్య పెరిగింది. ఎలుకలో వేళ్ళు కట్టే జన్యువులే చేపలో కిరణాలు కడుతున్నాయి. వాజం కొసకూ చేతి కొసకూ ఉన్న చుట్టరికం ఎముకల రకంలో లేదు, ఆ చోటును గుర్తుపట్టే పద్ధతిలో ఉంది.

2021లో వచ్చిన ఇంకో ఫలితం మరీ ఆశ్చర్యం. జీబ్రాఫిష్ ముందు వాజంలో అచ్చు ఎముకలు సాధారణంగా ఒకే వరసలో నాలుగు పొడుగువి, వాటి చివర చిన్న గింజల్లాంటివి ఉంటాయి, అంతే. మాథ్యూ హారిస్ ల్యాబ్‌లో కొన్ని చేపలకు వాటి తర్వాత ఇంకో వరస పొడుగు ఎముకలు వచ్చాయి. కారణం ఒక జన్యువులో ఒక్క అక్షరం మార్పు. కొత్త ఎముకలకు కీళ్ళు వచ్చాయి, కండరాలు వచ్చి వాటికి అతుక్కున్నాయి, ఎవరూ వాటికి విడిగా ఏమీ చెప్పకుండానే. ఎలుక ముంజేతికి కావాల్సిన ఆ 11వ నంబరు హాక్స్ జన్యువులే వీటికీ కావాల్సి వచ్చాయి. దీన్ని చేపకు చేతులు వచ్చాయి అన్నట్టు కొన్ని వార్తల్లో రాసేశారు, అది తొందరపాటు. ఆ ఎముకలు ముంజేతి ఎముకలు కావు, జీబ్రాఫిష్ మన పూర్వీకుడూ కాదు. కానీ ఎముక, కీలు, కండరం మూడింటికీ వేరువేరుగా మార్పులు రావాలి, అన్నీ ఒకేసారి ఎలా వస్తాయి అని అడిగేవాళ్ళకు ఇంతకన్నా మంచి జవాబు లేదు. ఎముక ముద్ద వచ్చిందంటే మిగతావి దాని చుట్టూ సర్దుకుంటాయి.

వేళ్ళ లెక్క దగ్గరికి వస్తే, సోనిక్ కబురు చిక్కదనం ఒక్కటే చాలదు. 1952లో కంప్యూటర్ శాస్త్రానికి ఆద్యుడైన అలన్ ట్యూరింగ్ ఒక రసాయన లెక్క రాశాడు: ఒకదాన్నొకటి పెంచుతూ, అణుస్తూ వేరువేరు వేగాలతో వ్యాపించే రెండు పదార్థాలుంటే, ఎవరూ గీతలు గీయకుండానే చారలు వాటంతట అవే ఏర్పడతాయి. జీబ్రా చారల్లాంటివి. వేళ్ళు కూడా అలాంటి చారలే కావచ్చని 1979లోనే కొందరు రాశారు గానీ, గట్టి రుజువు 2012లో వచ్చింది. జీఎల్ఐ3 అనే జన్యువు లేని ఎలుకలకు మామూలుగానే అదనపు వేళ్ళు వస్తాయి. వాటిలో హాక్స్ జన్యువుల మోతాదును ఒక్కొక్కటిగా తగ్గిస్తూ పోతే వేళ్ళు మరింత పెరిగాయి, సన్నబడ్డాయి, ఒక పాదంలో 14 దాకా వచ్చాయి. పాదం వెడల్పు పెద్దగా పెరగలేదు, చారల మధ్య ఎడం తగ్గింది. పేజీ అంతే ఉండి గీతలు దగ్గరదగ్గరగా గీసినట్టు. రెండేళ్ళకు ఈ చారలు గీసేది బీఎంపీ, సాక్స్9, డబ్ల్యూఎన్‌టీ అనే మూడు ప్రొటీన్ల మధ్య నడిచే తగువు అని ఇంకో బృందం చూపించింది.

ఇలా చూస్తే ఎనిమిది వేళ్ళ ఎకాంథోస్టెగా వింత కాదు. చార ఎడం, మొగ్గ వెడల్పు, ఈ రెండూ ఏ అంకె ఇస్తే అన్ని వేళ్ళు. ఐదుకు స్థిరపడ్డాక మాత్రం నేల మీది జంతువులు అంతకు మించి శాశ్వతంగా పోలేదు. ఆరు వేళ్ళతో పుట్టే పిల్లులు, మనుషులు ఉన్నారు, కానీ ఆరు వేళ్ళ జాతి ఏర్పడలేదు. తప్పనిసరై ఇంకో వేలు కావాల్సి వస్తే పాండా, నేల తవ్వే మోల్ లాంటివి మణికట్టు దగ్గరి ఎముకను పొడుగు చేసుకుని దొంగ బొటనవేలు తెచ్చుకున్నాయి తప్ప ఆరో చార గీయలేదు. ఈ నియమాన్ని బాహాటంగా తప్పినవి సముద్రంలో బతికిన ఇక్థియోసార్లు అనే పాత కాలపు సరీసృపాలు. కొన్నిటి తెడ్డులో ఎనిమిది, తొమ్మిది వరసలు కనిపిస్తాయి.

ఆరో వేలి విషయమే స్విచ్‌ల కథలో అన్నిటికన్నా మంచి భాగానికి దారి తీసింది. సోనిక్ జన్యువును చేతిలో వెలిగించే స్విచ్ పేరు జెడ్‌ఆర్‌ఎస్. అది ఆ జన్యువు పక్కన లేదు. మనుషుల్లో దాదాపు 10 లక్షల అక్షరాల దూరంలో, ఇంకో జన్యువు మధ్యలో దాక్కుని ఉంది. అందులో ఒక్క అక్షరం మారితే బొటనవేలి వైపు అదనపు వేలు వస్తుంది, మనుషుల్లోనూ పిల్లుల్లోనూ. ఎలుకలో ఆ స్విచ్ మొత్తం తీసేస్తే ఒంట్లో మిగతా అన్నీ బాగానే ఉండి, కాళ్ళూ చేతులూ మాత్రం మొండిగా వస్తాయి. అదే సోనిక్ జన్యువునే పాడుచేస్తే మెదడు, వెన్నుపాము అన్నీ దెబ్బతిని పిండమే బతకదు. పరిణామం జన్యువులను వదిలి స్విచ్‌లతో ఎందుకు ఆడుతుందో ఈ ఒక్క తేడా చెప్తుంది.

మరి పాములు? 2016లో ఎవ్జెనీ క్వోన్, ఆక్సెల్ విజెల్ తదితరులు ఎలుక జెడ్‌ఆర్‌ఎస్ తీసి దాని చోట వేరే జంతువుల జెడ్‌ఆర్‌ఎస్ పెట్టి చూశారు. మనిషిది పెడితే ఎలుకకు మామూలు కాళ్ళు వచ్చాయి. చేపది పెట్టినా మామూలు కాళ్ళే వచ్చాయి, చేపకు కాళ్ళే లేకపోయినా! పాముది పెడితే కాళ్ళు మొండిగా మిగిలాయి. పాముల్లో ఆ స్విచ్‌లో 17 అక్షరాల ముక్క ఒకటి ఎగిరిపోయింది. కొండచిలువ స్విచ్‌లో ఆ 17 అక్షరాలను తిరిగి చేర్చి ఎలుకలో పెడితే కాళ్ళు మళ్ళీ వచ్చాయి. పాముకు కాళ్ళు పోవడానికి ఇదొక్కటే కారణం అనడం మాత్రం సరికాదు. కాళ్ళు అక్కర్లేకపోయాక ఆ స్విచ్‌ను కాపాడే ఒత్తిడి పోయి అది పాడై ఉండొచ్చు, ముందేది వెనకేది అని ఈ ప్రయోగం చెప్పదు. కొండచిలువలో వెనక కాలి మొగ్గ ఇప్పటికీ మొదలవుతుంది, సోనిక్ కాసేపు వెలిగి ఆరిపోతుంది, తొడ ఎముక ముక్క, చిన్న గోరు లాంటిది మిగులుతాయి.

చేప స్విచ్ ఎలుకలో పనిచేసిందంటే ఆ స్విచ్ కాళ్ళకన్నా ముందుదని అర్థం. ఎంత ముందుది? మెడాకా చేపలో జెడ్‌ఆర్‌ఎస్‌నూ దానికి తోడుగా ఉన్న ఇంకో స్విచ్‌నూ తీసేస్తే వీపు మీద ఉండే ఒంటరి వాజం రాలేదని 2018లో తేలింది. వీపు వాజం జతల వాజాలకన్నా చాలా పాతది. చూస్తే ఈ పనిముట్ల పెట్టె వీపు మీద తయారై, తర్వాత పక్కలకు దిగినట్టుంది.

వేళ్ళు తగ్గడం దగ్గర ఒక హెచ్చరిక. ఒకేలా కనిపించే ఫలితం వెనక ఒకే కారణం ఉండాలని లేదు. ఆవులో, పందిలో సోనిక్ కబురును అందుకునే పీటీసీహెచ్1 జన్యువు వెలగాల్సినట్టు వెలగదు, దాంతో ఇటు అటు తేడా పోయి మధ్య వేళ్ళు రెండూ సమానంగా పెరుగుతాయి. గుర్రంలో పద్ధతి వేరు: మొగ్గలో మొదటి ఏర్పాట్లు మామూలుగానే ఉండి, తర్వాత పక్క వేళ్ళ చుట్టూ కణాలు పెద్ద ఎత్తున చచ్చిపోతాయి. అందుకే గుర్రం కాల్లో ప్రధాన ఎముకకు అటూ ఇటూ పుల్లల్లాంటి ఎముకలు ఇప్పటికీ ఉంటాయి. ఆస్ట్రేలియాలో హెమియెర్గిస్ అనే నలికిరి జాతుల్లో రెండు నుంచి ఐదు దాకా రకరకాలుగా వేళ్ళుంటాయి, వాటి పిండాల్లో సోనిక్ ఎంత తొందరగా ఆరిపోతే వేళ్ళు అంత తక్కువ. డాల్ఫిన్ పిండంలో వెనక కాలి మొగ్గ లేచి, సోనిక్ వెలగకుండానే కరిగిపోతుంది.

ఏ వేలు పోవాలి అన్నది కూడా అవసరాన్ని బట్టే తేలదు. 1980లలో పెరె ఆల్బెర్క్, ఎమిలీ గేల్ పిండాల్లో కణ విభజనను తగ్గించే మందు వాడి చూశారు. మొగ్గ చిన్నదైంది, వేళ్ళు తగ్గాయి. కప్పల్లో బొటనవేలి వైపుది పోయింది, సాలమాండర్లలో (బల్లిలా కనిపించే ఉభయచరాలు) చిటికెన వేలి వైపుది. ప్రకృతిలో వేళ్ళు తగ్గిన కప్పల్లో, సాలమాండర్లలో కూడా పోయేవి అవే. ఆఖర్న కట్టింది ముందు కూలుతుంది. ఏ జంతువుకు ఏది ఉపయోగం అనే లెక్కకన్నా, ఏది చివర్లో తయారవుతుంది అనే లెక్క ఇక్కడ ఎక్కువ పనిచేసింది.

పెరగడం కథ గబ్బిలంది. దాని పిండంలో వేలి ముద్దలు మొదట ఎలుక వాటిలాగే ఉంటాయి, తర్వాత మృదులాస్థిలో ఉబ్బే కణాల పొర బాగా పెద్దదై వేళ్ళు సాగుతాయి. వేళ్ళ మధ్య పొర మామూలుగా చచ్చిపోవాలి, గబ్బిలం రెక్కలో, బాతు పాదంలో ఆ చావును అడ్డుకునే గ్రెమ్లిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. గబ్బిలంలో పీఆర్ఎక్స్1 అనే జన్యువును వెలిగించే స్విచ్‌ను ఎలుకలో పెడితే ముంజేతులు పొడుగయ్యాయి, ఎంతో కాదు, 6 శాతం. చూడగా చూడగా ఇదే నమ్మదగిన అంకె అనిపిస్తుంది. ఒక్క మార్పుతో రెక్క వచ్చి ఉంటే అనుమానించాలి గానీ, 6 శాతాలు ఎన్నో కలిస్తే రెక్క అవుతుంది.

సాలమాండర్ల దగ్గర మాత్రం ఈ లెక్కలన్నీ తడబడతాయి. కప్ప, బల్లి, కోడి, మనిషి, అందరిలోనూ వేళ్ళు ఉంగరపు వేలి వైపు నుంచి మొదలవుతాయి, బొటనవేలు చివర్లో వస్తుంది. సాలమాండర్లలో బొటనవేలి వైపు రెండు వేళ్ళు ముందు. పైన చెప్పిన మందు ప్రయోగంలో అవి చిటికెన వేలి వైపుది పోగొట్టుకోవడానికి కారణం ఇదే. ఇది సాలమాండర్లకు మాత్రమే తర్వాత వచ్చిన వింత అని చాలాకాలం అనుకున్నారు, కొందరైతే వాటి కాళ్ళు విడిగా పుట్టాయని కూడా వాదించారు. తర్వాత నాడియా ఫ్రోబిష్ బృందం సుమారు 30 కోట్ల ఏళ్ళ నాటి ఎపటియాన్ అనే ఉభయచరం పిల్లల శిలాజాలను వయసు వరసలో పెట్టి, ఏ వేలు ముందు ఎముకగా గట్టిపడిందో చూసింది. అక్కడా బొటనవేలి వైపే ముందు. అంటే సాలమాండర్లు పాత పద్ధతినే పట్టుకుని ఉండొచ్చు, ఉంగరపు వేలి నుంచి మొదలుపెట్టే మనదే కొత్త పద్ధతి కావచ్చు.